కర్నూలులో మొదటి డేట్ మధ్యాహ్న భోజనానికి రెస్టారెంటును ఎంచుకోవడం ఎలా

కొత్తగా పరిచయమైన ఇద్దరు మొదటిసారి ఎదురెదురుగా కూర్చుని భోంచేయాలనుకున్నప్పుడు, కర్నూలులో అందరికీ ముందుగా తట్టే ప్రశ్న బిరియానీ ఎక్కడ బాగుంటుందన్నదే. ఈ ఊళ్లో ఎవరిని అడిగినా ఆ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది, పైగా ఒక్కొక్కరు ఒక్కో పేరు చెబుతారు. అయితే ఈ ఒక్క భోజనానికి మాత్రం రుచిని కాస్త వెనక్కి నెట్టమని నా సలహా. ఇద్దరి మాటలూ గొంతు పెంచకుండా వినబడతాయా, పిలిచిన చోటికి ఎదుటి మనిషి ఎవరి సాయమూ లేకుండా వచ్చి, ఇబ్బంది అనిపిస్తే అంతే సులువుగా లేచి వెళ్లగలరా, బిల్లు వచ్చినప్పుడు ఇద్దరిలో ఎవరి ముఖమైనా మారే పరిస్థితి ఉంటుందా అన్నవి తేల్చుకున్నాకే వంటల జాబితా తెరవాలి.

మన దగ్గర ఇలా కలుసుకునేవాళ్లు రెండు రకాలు. కాలేజీలోనో, ఆఫీసులోనో, ఫోన్‌లోనో పరిచయమై, ఇంట్లో ఇంకా చెప్పనివాళ్లు ఒక రకం. పెళ్లిచూపులు అయిపోయి, ‘ఒకసారి బయట కలిసి మాట్లాడుకోండి’ అని పెద్దవాళ్లే పంపించినవాళ్లు రెండో రకం. మొదటి రకం వాళ్లకు తెలిసినవాళ్ల కంట పడతామేమోనన్న బెరుకు ఉంటుంది, రెండో రకం వాళ్లకు గంటలోపల ఏదో ఒకటి తేల్చుకుని ఇంటికి చెప్పాలన్న ఒత్తిడి ఉంటుంది. చిత్రమేమిటంటే ఈ ఇద్దరికీ సరిపోయే రెస్టారెంటు ఒకే రకంగా ఉంటుంది. అది వెలుతురున్న, కుటుంబాలు వచ్చిపోయే, మరీ ఇరుకూ మరీ ఖాళీ కాని హాలు.

మధ్యస్థ ధర అని నేనంటున్నది, ఒక స్టార్టరు, రెండు ప్రధాన వంటకాలు, తాగడానికి ఏదైనా తీసుకుంటే ఇద్దరికీ కలిపి ఐదారు వందలకు తగ్గకుండా, వెయ్యి రూపాయలకు మించకుండా వచ్చే చోటు. అంతకంటే తక్కువలో మంచి భోజనం దొరకదని కాదు, కానీ అంతకంటే తక్కువ ధర ఉన్న చోట్ల కూర్చుని మాట్లాడుకునే వీలు ఉండదు. అంతకంటే ఎక్కువైతే పిలిచినవాళ్లు డాబు చూపిస్తున్నారన్న అనుమానం రావచ్చు, వచ్చినవాళ్లకు మొహమాటంతో ముద్ద గొంతు దిగదు.

ఊళ్లో ఏ వైపు

చోటు ఎంచుకునేటప్పుడు మీ ఇంటి దూరం కంటే ఎదుటివాళ్ల ఇంటి దూరాన్ని ముందుగా లెక్కలోకి తీసుకోండి. రాజవిహార్ సెంటరు, బళ్లారి చౌరస్తా, నంద్యాల చెక్‌పోస్టు, ఐదు రోడ్ల కూడలి వంటి పేర్లు చెబితే ఏ ఆటో డ్రైవరూ మళ్లీ అడగడు. అలాంటి గుర్తుకు దగ్గర్లో, రోడ్డు మీదికి బోర్డు కనబడేలా ఉన్న రెస్టారెంటైతే ఒంటరిగా వచ్చే అమ్మాయికి దారి వెతుక్కునే శ్రమ ఉండదు, తిరిగి వెళ్లేటప్పుడూ గుమ్మం ముందే ఆటో దొరుకుతుంది. ఆదోని నుంచో, నంద్యాల నుంచో, డోన్ నుంచో బస్సులో వచ్చేవాళ్లయితే ఆర్టీసీ బస్టాండు నుంచి ఆటోలో కొద్ది నిమిషాల్లో చేరగలిగిన చోటే ఎంచుకోవాలి. మధ్యాహ్నం ఎండలో రెండు ఆటోలు మారి, చెమటతో వచ్చి కూర్చున్న మనిషితో మొదటి పది నిమిషాలూ వృథా అవుతాయి.

అలాగని మరీ వాళ్ల వీధిలోకి వెళ్లకూడదు. 1953 అక్టోబరు 1 నుంచి 1956 అక్టోబరు 31 వరకు కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్న రోజుల్లో ఉద్యోగుల కోసం ఏర్పడిన ఎ, బి, సి క్యాంపుల్లో ఇప్పటికీ ఒకరి ఇంటి సంగతి ఇంకొకరికి తెలుస్తుంది. సి క్యాంపులో ఉండే అమ్మాయిని సి క్యాంపు సెంటరులోనే భోజనానికి పిలిస్తే, రైతుబజారుకు వచ్చిన పక్కింటి ఆంటీ పలకరింపుతోనే ఆ పూట గడిచిపోతుంది. మెడికల్ కాలేజీలో చదివే వాళ్లయితే ఆసుపత్రి చుట్టుపక్కల హోటళ్లను, ఆఫీసులో పనిచేసేవాళ్లయితే కలెక్టరేటు దగ్గరి హోటళ్లను వదిలేయడం మేలు, ఎందుకంటే మధ్యాహ్నం ఆ టేబుళ్లన్నీ వాళ్ల సహోద్యోగులతోనే నిండి ఉంటాయి.

ఊరి బయట, హైదరాబాదు నుంచి బెంగళూరు వైపు సాగే 44వ నంబరు జాతీయ రహదారి మీద మంచి దాబాలు, విశాలమైన గార్డెన్ రెస్టారెంట్లు ఉన్నాయి. స్నేహితులతో వెళ్లడానికి అవి హాయిగా ఉంటాయి. కానీ మొదటి కలయికకు అక్కడికి వద్దని గట్టిగా చెబుతాను. అక్కడికి వెళ్లాలంటే ఒకరి బండి మీదే ఇంకొకరు రావాలి, తిరిగి రావాలన్నా ఆ బండే దిక్కు. ఎదుటి మనిషి మంచివాడా కాదా అన్నది ఇంకా తెలియని దశలో, తిరుగు ప్రయాణం అతని చేతిలో పెట్టవలసి రావడం ఏ అమ్మాయికీ ఇష్టముండదు. నోరు తెరిచి చెప్పకపోయినా, ఆ బెంగ భోజనం పొడుగునా ఉంటుంది. మధ్యాహ్న భోజనాన్నే ఎంచుకోవడంలో ఉన్న లాభం కూడా ఇదే: పగటి వెలుతురులో వచ్చి, చీకటి పడకముందే ఇల్లు చేరవచ్చు.

హాలును చూసే పద్ధతి

అనుకున్న రోజుకు ఒకటి రెండు రోజుల ముందు, సరిగ్గా అదే వేళకు ఆ రెస్టారెంటుకు వెళ్లి ఒక టీ తాగైనా రండి. ఉదయం పదకొండు గంటలకు ప్రశాంతంగా ఉన్న హాలు ఒంటిగంటకు ఎలా మారుతుందో ఫోటోల్లో తెలియదు. ఆన్‌లైన్ రేటింగులు చూడవచ్చు గాని, అందులో వంటకాల ఫోటోల కంటే కస్టమర్లు తీసిన హాలు ఫోటోలు, ఈ మధ్య రాసిన ఫిర్యాదులు ఎక్కువ పనికొస్తాయి.

‘ఫ్యామిలీ రెస్టారెంట్’ అన్న బోర్డు ఒక్కటే చూసి నమ్మకూడదు. లోపల నిజంగా ఆడవాళ్లు, పిల్లలు కూర్చుని తింటున్నారా, లేక పక్కనే ఉన్న బారుకు వచ్చినవాళ్లు ఈ హాల్లోకి కూడా వస్తున్నారా అన్నది కళ్లతో చూడాలి. టీవీ ఎక్కడుందో చూడండి. క్రికెట్ మ్యాచ్ ఉన్న రోజున టీవీకి ఎదురుగా కూర్చున్న మనిషి ఎంత మర్యాదస్తుడైనా కళ్లు అటే పోతాయి. చేతులు కడుక్కునే బేసిన్ పక్కన, వంటగది తలుపు ఎదుట, క్యాష్ కౌంటరు దగ్గర ఉన్న టేబుళ్లు వద్దు. బేసిన్ పక్కన కూర్చుంటే ప్రతి రెండు నిమిషాలకూ ఒకరు పుక్కిలించే చప్పుడు వింటూ తినాలి. గోడకు ఆనుకుని, నడిచే దారికి కాస్త ఎడంగా ఉండే టేబుల్ మంచిది. ఇద్దరి టేబుల్ లేకపోతే నలుగురి టేబులైనా తీసుకోండి, అయితే పక్కపక్కన కాకుండా ఎదురెదురుగా కూర్చోండి.

ఇక తెర కట్టిన క్యాబిన్ల సంగతి. కొన్ని హోటళ్లలో జంటను చూడగానే వెయిటరు తనంతట తానే క్యాబిన్ వైపు చూపిస్తాడు. ఏకాంతం దొరుకుతుంది కదా అని అనిపించవచ్చు, కానీ మొదటి పరిచయంలో ఆ తెర మేలు చేయదు. తెర వేశాక లోపల కూర్చున్నవాళ్లకు బయటి మనుషులు కనబడరు, వెయిటరు పిలిస్తే తప్ప రాడు, లేచి వెళ్లాలంటే ఎదుటి మనిషి మోకాళ్లు దాటి వెళ్లాలి. ఇంకా చనువు ఏర్పడని మనిషితో అలా కూర్చోవడం ఎవరికైనా ఇరుకుగానే ఉంటుంది. పైగా తెలిసినవాళ్లెవరైనా చూస్తే, హాలు మధ్యలో కూర్చుని తింటున్న ఇద్దరి గురించి మాట్లాడని మనుషులు కూడా క్యాబిన్ నుంచి బయటికొచ్చిన ఇద్దరి గురించి పది చోట్ల చెబుతారు. ‘బయటే కూర్చుంటాం అన్నా’ అని ముందే చెప్పేయండి.

ముందుగా చూడడానికి వెళ్లినప్పుడు వాష్‌రూమ్ తప్పకుండా చూసి రండి. మగవాళ్లలో చాలామందికి ఈ ఆలోచనే రాదు. ఆడవాళ్లకు విడిగా ఉందా, గడియ సరిగా పడుతుందా, నీళ్లు వస్తున్నాయా అన్నది హోటలు మొత్తం శుభ్రత గురించి మంచి ఆధారం. గోడ మీద ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చిన 14 అంకెల లైసెన్సు నంబరు ఉండాలి. 2022 జనవరి నుంచి బిల్లుల మీద కూడా ఆ నంబరు ముద్రించడం తప్పనిసరి.

మార్చి నుంచి జూన్ దాకా కర్నూలు ఎండలో ఏసీ లేని హాలు ఆలోచించనక్కరలేదు. బోర్డు మీద ఏసీ అని రాసి ఉన్నా అది నిజంగా చల్లబరుస్తోందా, కరెంటు పోతే జనరేటరు మీద ఏసీ కూడా నడుస్తుందా, లేక ఫ్యాన్లు మాత్రమేనా అని అడిగి తెలుసుకోవాలి. పై అంతస్తులో ఫంక్షన్ హాలు ఉన్న రెస్టారెంటైతే ఆ రోజు ముహూర్తం ఉందేమో పంచాంగంలో చూసుకోండి. నిశ్చితార్థమో, పుట్టినరోజు పార్టీయో ఉంటే కింద పార్కింగ్ దొరకదు, పైనుంచి డీజే మోత ఆగదు, వెయిటర్లందరూ మేడ మీదే ఉంటారు.

మీల్స్ హాలు ఎందుకు వద్దు

కర్నూలులో మంచి మీల్స్ పెట్టే హోటళ్లంటే నాకు చాలా గౌరవం. నలుగురు వచ్చినా నలభై మంది వచ్చినా అదే పప్పు, అదే గోంగూర పచ్చడి, అదే చెనిక్కాయల పొడి పెడతారు. అయినా ఈ భోజనానికి అక్కడికి వెళ్లకండి. పన్నెండున్నర దాటాక అక్కడ జరిగేది ఇది: ఆకులో రెండోసారి అన్నం పడేలోగా మీ కుర్చీ వెనక ఒక పెద్దమనిషి వచ్చి నిలబడతాడు. కుర్చీ అంచు మీద చెయ్యి వేసి, మీరు పెరుగు దాకా వచ్చారా లేదా అని మీ ఆకు వంక చూస్తుంటాడు. సాంబారు బకెట్టుతో ఒకరు, రసంతో ఒకరు, వేపుడు గిన్నెతో ఇంకొకరు వరసగా వచ్చి ‘వేయమంటారా’ అంటుంటే, ఎదుటి మనిషి చెబుతున్న మాట మూడుసార్లు తెగిపోతుంది. ఇరవై నిమిషాల్లో భోజనం ముగించి లేవడం అక్కడి మర్యాద, ఆ మర్యాదను తప్పుపట్టడానికి లేదు. మీకు కావలసినది గంటన్నర పాటు ఎవరూ లేపని టేబుల్, కనుక మెనూ చూసి విడిగా ఆర్డర్ ఇచ్చే హాలునే ఎంచుకోవాలి.

రోజు, వేళ, తిండి

ఎదుటివాళ్లు శాకాహారులా, మాంసాహారులా అని అడిగితే సరిపోదు, ఆ రోజున ఏం తింటారని అడగాలి. వేంకటేశ్వరస్వామిని కొలిచే ఇళ్లలో శనివారం మాంసం ముట్టనివాళ్లున్నారు, శివుణ్ణి కొలిచేవాళ్లకు సోమవారం, మంత్రాలయం మన జిల్లాలోనే ఉండడం వల్ల రాఘవేంద్రస్వామి భక్తులకూ, సాయిబాబా భక్తులకూ గురువారం అటువంటివే. కార్తీక సోమవారం సాయంత్రం దాకా ఉపవాసం ఉండే మనిషిని మధ్యాహ్న భోజనానికి పిలిస్తే ఆ పిలుపే తప్పవుతుంది. రంజాన్ నెలలో రోజా ఉండేవాళ్లకూ అంతే. ముస్లిములైతే ఆ హోటల్లో హలాల్ మాంసమే వాడుతున్నారా అని మీరే ముందుగా కనుక్కుని చెప్పడం ఎదుటి మనిషికి ఎంతో నిశ్చింతనిస్తుంది. మాంసం వండే చోట కూర్చోవడానికి కూడా ఇష్టపడని శాకాహారులూ ఉంటారు. వాళ్ల కోసం పూర్తి శాకాహార రెస్టారెంటుకు వెళ్లండి, ఒక్క పూట బిరియానీ లేకపోతే ఏ నష్టమూ లేదు. వీటిలో ఏదీ తెలియనప్పుడు రెండూ బాగా వండే చోటును ఎంచుకుంటే ఇబ్బంది ఉండదు.

ఆదివారం ఒంటిగంట నుంచి మూడింటి దాకా హాళ్లన్నీ కుటుంబాలతో నిండిపోతాయి. శుక్రవారం జుమ్మా నమాజు అయ్యాక బిరియానీ హోటళ్ల దగ్గర జనం ఎక్కువ. వీలైతే మామూలు పనిరోజున, లేదంటే ఆదివారమే అయినా పన్నెండుంపావుకల్లా వెళ్లండి. పన్నెండుకు అటూ ఇటూగా దమ్ము తీసిన బిరియానీ అప్పుడు పొగలు కక్కుతూ ఉంటుంది, మూడు దాటితే గుండిగ అడుగున మిగిలిన మెతుకులే వస్తాయి.

ఇంకో చిన్న విషయం. బిరియానీ వండి సిద్ధంగా ఉంటుంది కాబట్టి ఆర్డర్ ఇచ్చిన ఐదు నిమిషాల్లో టేబుల్ మీదికి వచ్చేస్తుంది, తినడమూ త్వరగానే ముగుస్తుంది. అందుకని అది ముందే చెప్పకుండా, మొదట నిమ్మ సోడానో, సూపో తెప్పించుకుని, అప్పటికప్పుడు వేయించి తెచ్చే ఒక స్టార్టరు చెప్పండి. వంటగదిలో దానికి పట్టే పావుగంటే మీకు మాట్లాడుకోవడానికి దొరికే మొదటి తీరిక. తర్వాత బిరియానీ తీసుకుంటే, ఆ హోటల్లో సింగిల్ అంటే ఎంత వస్తుందో వెయిటరును అడగండి. కొన్నిచోట్ల ఒక సింగిలే ఇద్దరికి సరిపోతుంది, ప్లేటులో సగం వదిలేయడం చూడడానికి బాగుండదు.

రాగి సంగటి, నాటుకోడి పులుసు మన సీమ గర్వించదగ్గ భోజనం. అయితే వేడి ముద్దను తుంచి పులుసులో ముంచి తింటూ, ఎముకలు ఏరుకుంటూ, కారానికి కళ్లు తుడుచుకుంటూ కొత్త మనిషితో మాట్లాడడం కష్టం. చనువు పెరిగాక, రెండో మూడో భోజనానికి దానికోసం ప్రత్యేకంగా వెళ్లవచ్చు. మొదటిసారి ఎముకల్లేని కోడి వేపుడో, పనీర్ కూరో, పుల్కాలో, జీరా రైసో చాలు. ఎదుటివాళ్లు కోస్తా నుంచో, హైదరాబాదు నుంచో ఉద్యోగానికి వచ్చినవాళ్లయితే ఆర్డర్ ఇచ్చేటప్పుడే కారం తగ్గించి చేయమని చెప్పండి, మన వంటవాళ్ల మామూలు కారం చాలామందికి ఎక్కువే.

బిల్లు

పిలిచినవాళ్లు చెల్లించడం మన ఊళ్లో సహజమైన పద్ధతి, అది అబ్బాయైనా అమ్మాయైనా. ఎదుటివాళ్లు తమ వాటా ఇస్తామంటే ఒకసారి వద్దని, రెండోసారి కూడా అడిగితే సంతోషంగా ఒప్పుకోండి. బిల్లు కోసం అందరి ముందూ చేతులు లాక్కోవడం బాగుండదు. సోంపు గిన్నెతో పాటు బిల్లు ఫోల్డరును వెయిటర్లు ఎప్పుడూ మగవాళ్ల ముందే పెడతారు, కాబట్టి పిలిచింది అమ్మాయైతే ఆర్డర్ ఇచ్చేటప్పుడే ‘బిల్లు నాకివ్వండి’ అని చెప్పి ఉంచితే ఆ తికమక తప్పుతుంది.

బిల్లును ఒక్కసారి చదివి చెల్లించడంలో చిన్నతనమేమీ లేదు. 2017 నవంబరు 15 నుంచి మామూలు రెస్టారెంట్లలో, ఏసీ ఉన్నా లేకపోయినా, జీఎస్టీ 5 శాతమే. తిన్నది 720 రూపాయలకైతే కేంద్రానికి 18, రాష్ట్రానికి 18 కలిపి 756 రావాలి. గది అద్దె రోజుకు 7,500 రూపాయలు దాటే పెద్ద హోటళ్లలోని రెస్టారెంట్లకు 18 శాతం పడుతుంది గాని మనం ఎంచుకునే ధరలో అవి రావు. కాంపోజిషన్ పథకంలో, అంటే తమ అమ్మకాల మీద తక్కువ శాతం పన్ను తామే కట్టే పద్ధతిలో ఉన్న చిన్న హోటళ్లయితే కస్టమరు దగ్గర పన్ను విడిగా వసూలు చేయకూడదు. సర్వీస్ చార్జీ పేరుతో ఇంకొంత కలిపి ఉంటే దాన్ని తీసేయమని మర్యాదగా అడగవచ్చు. అడక్కుండా బిల్లులో దాన్ని కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలై 4న మార్గదర్శకాలిచ్చింది, 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. అయితే ఈ భోజనం మధ్యలో వాదన పెట్టుకోవద్దు. మేనేజరు కాదంటే చెల్లించి, బిల్లు దాచుకుని, మర్నాడు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు చేయండి. ఏసీ హాల్లో ధరలు కింది హాలు కంటే ఎక్కువగా ఉండే హోటళ్లూ ఉన్నాయి కాబట్టి, ముందుగా చూడడానికి వెళ్లినప్పుడు ఏసీ హాలు మెనూనే ఫోన్‌లో ఫోటో తీసుకోండి. సిగ్నల్ అందని సెల్లారు హోటళ్లలో ఫోన్‌తో డబ్బు చెల్లించడం మొరాయిస్తుంది, జేబులో రెండు ఐదు వందల నోట్లు ఉంచుకోవాలి.

ముందు రోజు చేయవలసిన పని

ఉదయం పూట హోటలుకు ఫోన్ చేసి, ‘అన్నా, రేపు పన్నెండున్నరకు ఇద్దరికి టేబుల్ కావాలి, ఏసీ హాల్లో గోడ పక్కన ఉంటే మేలు’ అని అడగండి. ‘ఇద్దరికైతే బుకింగ్ ఉండదు సార్, పన్నెండుంపావుకు వస్తే చూస్తాం’ అన్న జవాబే ఎక్కువగా వస్తుంది. అలాంటప్పుడు ఎదుటివాళ్ల కంటే పదిహేను నిమిషాలు ముందుగా వెళ్లి టేబుల్ దగ్గర కూర్చోండి. వాళ్లు గుమ్మం దగ్గర నిలబడి మీకోసం వెతుక్కునే స్థితి రానివ్వకండి. అదే రోడ్డు మీద, నడిచి వెళ్లగలిగే దూరంలో రెండో హోటలును కూడా అనుకుని ఉంచుకుంటే, మొదటిది నిండిపోయినా మెట్ల మీద నిలబడి ఎదురుచూడనక్కరలేదు.

రాత్రి పంపే మెసేజిలో హోటలు పేరు, దగ్గరి గుర్తు, ఏ అంతస్తు, లిఫ్టు ఉందా లేదా, మీరు ఎన్ని గంటలకు అక్కడ ఉంటారన్నది స్పష్టంగా రాయండి. ఆ లొకేషన్‌ను వాళ్లు తమ ఇంట్లోనో, స్నేహితురాలికో పంపుకునేలా విడిగా పెట్టండి. చోటు మార్చాలని వాళ్లు అడిగితే కారణం అడగకుండా మార్చేయండి.